పాత వీ-క్రాస్ పికప్ ఎత్తు పెంచడం, మార్పులు చేయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ మన శ్రీసిటీలో తయారయ్యే బండి. 2016లో మార్కెట్లోకి వచ్చింది. అప్పటి 2.5 లీటర్ల డీజిల్, ఐదు గేర్ల మాన్యువల్ బళ్లు ఇప్పుడు రెండో ఓనరు, మూడో ఓనరు చేతుల్లోకి వస్తున్నాయి. కొన్న వారానికే చాలామంది అడిగే మాట ఒక్కటే, సస్పెన్షన్ మార్చి బండి ఎత్తు పెంచడం గురించి: "లిఫ్ట్ చేయిద్దామా?" ఆ ప్రశ్నకూ, దాని వెనకాలే వచ్చే ప్రశ్నలకూ ఇవీ జవాబులు. అన్నీ 2016 నుంచి 2020 దాకా వచ్చిన బీఎస్‌4 (అప్పటి కాలుష్య ప్రమాణం) ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ బలం అందే) బళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అయితే ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు ఉన్న ఏ పాత పికప్‌కైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

లిఫ్ట్ చేయిస్తే కింద రాళ్లు తగలడం ఆగిపోతుందా?

కొంతవరకే. వీ-క్రాస్ వెనక యాక్సిల్ (ఇరుసు) అటునుంచి ఇటు ఒకటే గొట్టం, మధ్యలో డిఫరెన్షియల్ గుండు, అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్లు ఉండే చోటు. ఆ గుండు చక్రాలతో పాటే ఉంటుంది, బాడీతో కాదు. కాబట్టి సస్పెన్షన్‌ని రెండు అంగుళాలు లేపినా వెనక గుండు కింద ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు మాత్రమే.

సస్పెన్షన్ లిఫ్ట్ వల్ల లేచేవి వేరే: చాసిస్, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు చక్రాలకూ పంపే గేర్ల పెట్టె), డీజిల్ ట్యాంకు, సైడు మెట్లు, ముందు బంపర్, ముందు డిఫరెన్షియల్. ఈ బండి వీల్‌బేస్ 3,095 మి.మీ. అంత పొడుగు బండి గట్టు ఎక్కి దిగేటప్పుడు నడుము తగులుతుంది. కాలవ గట్లు, పొలం దారులు తిరిగేవాళ్లకు అసలు ఇబ్బంది అదే, లిఫ్ట్ పనికొచ్చేది కూడా అక్కడే. మీ బండికి కింద గీతలు ఎక్కడ పడ్డాయో ముందు పడుకుని చూడండి. గీతలు వెనక గుండు మీదే ఉంటే మీకు కావాల్సింది లిఫ్ట్ కాదు.

మన దేశంలో ఇది చట్టప్రకారం కుదురుతుందా?

సూటిగా చెప్పాలంటే, రోడ్డు మీద తిరిగే బండికి కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మారేలా ఓనరు బండిని మార్చకూడదు. కేరళ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల దీనిలో కొంత వెసులుబాటు ఉందని జనం అనుకున్నారు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయడానికి వీల్లేదని చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో సెక్షన్ 182ఏ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అరిగిపోయిన షాకబ్జర్ల స్థానంలో కొత్తవి, కుంగిపోయిన కట్టల స్థానంలో అదే ఎత్తు కట్టలు వేయించుకోవడం మరమ్మతు. బండిని కంపెనీ ఎత్తుకు మించి లేపడం మార్పు. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఎప్పుడూ గుర్తుంచుకోండి. ఎస్టేటులో, సొంత తోటలో, ఆఫ్‌రోడ్ పోటీ ట్రాకులో మాత్రమే నడిపే బండి కథ వేరు. రోజూ జాతీయ రహదారి ఎక్కే బండికి నా సలహా ఏంటంటే, సస్పెన్షన్‌ని కొత్త బండి ఎత్తుకు తెచ్చుకోండి, మంచి టైర్లు వేసుకోండి, అక్కడితో ఆగండి. ఈ కింద లిఫ్ట్ గురించి చెప్పేదంతా అది తెలిసీ చేయించుకునేవాళ్లకు, లేదా ఇప్పటికే ఎవరో లిఫ్ట్ చేసిన బండి కొన్నవాళ్లకు.

అందరూ చేయిస్తున్నారు కదా, ఎవరూ ఆపడం లేదే?

ట్రాఫిక్ చలానా సంగతి పక్కన పెట్టండి. అసలు టెన్షన్ ఇన్సూరెన్స్‌తో. పెద్ద యాక్సిడెంట్ జరిగితే సర్వేయరు బండి కిందకు దూరి చూస్తాడు. చెప్పకుండా చేసిన మార్పు కనబడితే క్లెయిమ్‌కి అడ్డు చెప్పడానికి కంపెనీకి కారణం దొరికినట్టే. అవతలి మనిషికి దెబ్బ తగిలిన కేసైతే అది ఎంత దూరం వెళ్తుందో లాయరునే అడగండి.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నాను. ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

లిఫ్ట్ కిట్టు మీద కాదు. పాత బండి సస్పెన్షన్ ఎప్పుడో కుంగిపోయి ఉంటుంది. చాలామంది "స్టాక్ ఎత్తు" అనుకునేది నిజానికి ఏడెనిమిదేళ్లు బరువు మోసి కిందికి దిగిన ఎత్తు. కొత్త స్ప్రింగులు, కొత్త కట్టలు పడేసరికి బండి దానంతట అదే లేస్తుంది. అది చూసి "ఇంక లిఫ్ట్ అక్కర్లేదు" అని ఆగిపోయినవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.

కొన్న బండిని ముందు ర్యాంపు ఎక్కించండి. చూడాల్సినవి: ముందు చక్రాలను చాసిస్‌కి కలిపే కింది ఆర్మ్‌ల బుష్‌లు (రబ్బరు తొడుగులు) చిట్లాయా, బాల్ జాయింట్లలో ఆట ఉందా, స్టీరింగ్ ర్యాక్ బూట్లలో ఆయిల్ చెమ్మ ఉందా, సీవీ జాయింట్ల (ముందు చక్రాలను తిప్పే షాఫ్టుల కీళ్ల) రబ్బరు బూట్లు పగిలి గ్రీజు బయటకు చిమ్మిందా, వెనక కట్టల్లో ఏదైనా పట్టీ విరిగిందా, షాకిల్ (కట్ట కొసను చాసిస్‌కి వేలాడదీసే ముక్క) బుష్‌లు ఒకవైపుకు అరిగాయా. కట్ట పట్టీ విరిగితే పైకి చటుక్కున కనబడదు. సెంటర్ బోల్టుకు దగ్గరగా, యు బోల్టు (కట్టను యాక్సిల్‌కి బిగించే యు ఆకారం బోల్టు) అంచున సన్నటి తుప్పు గీత ఉంటుంది, అక్కడ వేలు పెట్టి చూడండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన బండైతే చాసిస్‌ని సుత్తితో తట్టించి చూడండి. ఉప్పుగాలి పని లోపలినుంచి మొదలవుతుంది, పైన నల్లరంగు కొట్టేస్తే ఏమీ తెలియదు. వెనక బెడ్డు కింద, స్పేర్ టైరు వేలాడే చోట, కట్టల హ్యాంగర్ల దగ్గర మట్టి నిలిచే మూలలు ఉంటాయి. అక్కడ తుప్పు బాగా ఉంటే బండి వదిలేయడమే మేలు. తుప్పు పట్టిన హ్యాంగరుకి పొడుగు షాకిల్ తగిలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఢిల్లీ నుంచి చౌకగా వస్తున్న బళ్లకు ఇంకో పని ఉంది: ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క ముందే వేసుకోండి. చౌక అనుకున్నది ట్యాక్స్‌తో సమానం అయిపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఏ టైరు సైజు వేయాలి?

ఈ ప్రశ్నే మొదట తేలాలి. ఎంత లిఫ్ట్ అన్నది టైరును బట్టి ఉంటుంది, టైరు లిఫ్ట్‌ని బట్టి కాదు.

మొదట్లో వచ్చిన బళ్లకు 245/70 ఆర్16 టైర్లు. లెక్క కడితే ఆ టైరు ఎత్తు 749 మి.మీ. దాని బదులు 265/70 ఆర్16 వేస్తే 777 మి.మీ. అవుతుంది. యాక్సిల్ కింద లేచేది అందులో సగం, అంటే 14 మి.మీ. అదే 265/75 ఆర్16 అయితే 804 మి.మీ., యాక్సిల్ 27 మి.మీ. లేస్తుంది. 2019లో 18 అంగుళాల చక్రాలతో వచ్చినవాటికి 255/60 ఆర్18, దాని ఎత్తు 763 మి.మీ. ఆఫ్‌రోడ్ కోసమైతే ఆ 18 అంగుళాల చక్రాలు తీసి 16 వేసుకోవడం మంచిది. టైరు గోడ ఎత్తుగా ఉంటే గాలి తగ్గించినప్పుడు బాగా పరుచుకుంటుంది, రాయి తగిలినా రిమ్ముకు దెబ్బ తగలదు.

పెద్ద టైరుకు ధర షోరూములో ఇచ్చే డబ్బుతో అయిపోదు. 265/75 వేస్తే చుట్టుకొలత 7 శాతం పెరుగుతుంది. మీటర్లో 100 చూపిస్తుంటే మునుపటి లెక్కన మీరు 107లో ఉంటారు. ఓడోమీటరు కూడా తక్కువే చూపిస్తుంది: వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 932 పడుతుంది. "టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది" అనేవాళ్లు ముందు ఈ తేడా కలిపి లెక్క వేయాలి. కలిపాక కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే టైరు బరువెక్కువ, గేరింగ్ పొడుగైపోతుంది, అంటే అదే గేరులో లాగే బలం తగ్గుతుంది. ఈ 2.5 ఇంజిన్ బలం 134 బీహెచ్‌పీ, 320 ఎన్‌ఎం. టర్బో అందుకునేలోపు అడుగున కాస్త నీరసంగా ఉండే ఇంజిన్ ఇది. మారేడుమిల్లి ఘాట్లో మనుషులూ సామానూ నింపుకుని రెండో గేరులో ఎక్కేటప్పుడు ఆ 7 శాతం తెలుస్తుంది. క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి గేర్ల జత) మార్చి గేరింగ్ సరిచేసుకోవచ్చు గానీ ముందు, వెనక రెండూ ఒకే నిష్పత్తిలో మార్చాలి. సామాను దొరకడమే పెద్ద పని.

నా ఓటు 265/70 ఆర్16కి. లిఫ్ట్ లేకుండానే చాలా బళ్లకు పడుతుంది, ఫుల్ లాక్‌లో మడ్ ఫ్లాప్‌కి కాస్త రాస్తే దాన్ని సర్దుకోవచ్చు. అయినా ఇది కూడా కంపెనీ ఇచ్చిన సైజు కాదని మాత్రం మరచిపోకండి.

ఏటీ (ఆల్ టెరైన్) టైరా, ఎంటీ (మడ్ టెరైన్) టైరా?

ఏటీ. నల్లరేగడిలో వానాకాలం తిరిగే రైతైతే మాత్రం ఎంటీ గురించి ఆలోచించాలి. ఆ మట్టి ఏటీ టైరు గాళ్లలో పూరీ పిండిలా పట్టేసుకుంటుంది, రెండు నిమిషాల్లో టైరు నున్నగా అయిపోతుంది. అప్పుడు ఫోర్ బై ఫోర్ ఉన్నా నాలుగు చక్రాలూ కలిసి జారతాయి. ఎంటీ టైరు ఆ మట్టిని విసిరికొడుతుంది. కానీ తారురోడ్డు మీద మోత, తడి రోడ్డు మీద బ్రేకు పట్టు తక్కువ. హైదరాబాదులో ఉండి నెలకోసారి వికారాబాద్ అనంతగిరి వెళ్లొచ్చేవాళ్లకు ఎంటీ దండగ.

ఎంత లిఫ్ట్ చేయించొచ్చు?

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది విడిగా కదిలేది) ఉన్న బండికి 40 నుంచి 50 మి.మీ. దాటితే ఒక్కో మిల్లీమీటరుకూ కొత్త సమస్య వస్తుంది. సీవీ జాయింట్లు వంపు తిరుగుతాయి, పై ఆర్మ్ బాల్ జాయింట్ చివరికంటా వెళ్లిపోతుంది, చక్రం కిందికి దిగే ప్రయాణం అయిపోయి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా "టక్" మంటుంది. నాలుగంగుళాల కిట్లు ఫోటోల్లో బాగుంటాయి.

ముందు స్పేసర్ పెడితే చవకలో అయిపోతుంది కదా, స్ప్రింగులు ఎందుకు మార్చాలి?

స్పేసర్ అంటే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జరు కలిసిన ముక్క) పైన, చాసిస్ టవరుకు మధ్య పెట్టే ఇనుప లేక అల్యూమినియం దిమ్మె. స్ట్రట్ కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి 25 మి.మీ. దిమ్మె పెడితే చక్రం దగ్గర దాదాపు రెట్టింపు లేస్తుంది. చాలామందికి ఇది తెలియక 50 మి.మీ. లిఫ్ట్ కావాలని 50 మి.మీ. దిమ్మె పెట్టించి, ఆపై వారానికే సీవీ బూటు చించుకుంటారు.

ఇంకో చిక్కు ఏంటంటే, దిమ్మె పాత స్ప్రింగును అలాగే ఉంచుతుంది. అది ఇప్పటికే అలిసిపోయిన స్ప్రింగు. పైగా స్ట్రట్ మొత్తం కిందికి జరుగుతుంది కాబట్టి చక్రం వేలాడినప్పుడు పాతదానికంటే ఇంకా కిందికి పోతుంది. దానివల్లే సీవీ జాయింటుకీ, పై ఆర్మ్‌కీ ఇబ్బంది. స్ప్రింగు, షాకబ్జరు జతగా మార్చితే ఎత్తు వస్తుంది, నడక కూడా బాగుపడుతుంది. ముందు స్టీలు బంపరు, వించి పెట్టే ఆలోచన ఉంటే ఆ బరువుకు తగిన స్ప్రింగు రేటు ఎంచుకోవచ్చు. ఓల్డ్ మ్యాన్ ఎము, ఐరన్‌మ్యాన్ లాంటి కంపెనీలు డీ-మ్యాక్స్‌కి బరువును బట్టి వేర్వేరు స్ప్రింగులు అమ్ముతాయి. బంపరు ఖాళీగా ఉన్న బండికి గట్టి స్ప్రింగు వేస్తే ముందు భాగం గాల్లోకి చూస్తుంది, గుంతలో వెన్నుకు తెలుస్తుంది.

డిఫ్ డ్రాప్ పెట్టాలా?

ముందు డిఫరెన్షియల్ చాసిస్‌కి బిగించి ఉంటుంది. బండి లేస్తే అదీ లేస్తుంది, చక్రాలు కిందే ఉంటాయి, మధ్యలో సీవీ షాఫ్టులు ఏటవాలుగా అవుతాయి. డిఫ్‌ని బ్రాకెట్ దగ్గర కాస్త కిందికి దించే స్పేసర్లే డిఫ్ డ్రాప్. లిఫ్ట్ 40 మి.మీ. దాటితే పెట్టించుకోండి. అయితే లేపినదాంట్లో కొంత ముందు డిఫ్ కింద తిరిగి పోగొట్టుకున్నట్టే. కింది రక్షణ ప్లేటు, దాని బోల్టుల పొడవు కూడా సరిచూసుకోవాలి.

వెనక బ్లాకు పెట్టాలా, షాకిల్ పెంచాలా, కట్ట మార్చాలా?

డబ్బుంటే కట్ట మార్చండి. మిగతావి సర్దుబాట్లు.

బ్లాకు అంటే యాక్సిల్‌కీ కట్టకీ మధ్య పెట్టే దిమ్మె. 25 మి.మీ. వరకు పోత పోసిన మంచి బ్లాకు, కొత్త పొడుగు యు బోల్టులతో పెడితే నడుస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ గేరు పడి క్లచ్ వదలగానే యాక్సిల్ మెలితిరగడం ఎక్కువవుతుంది. లేత్‌లో ఏదో ముక్క కోసి, పైన ఇంకో ముక్క పేర్చి పెట్టే పని మాత్రం వద్దు. బ్లాకు మీద బ్లాకు జారిపోతే వెనక యాక్సిల్ అడ్డం తిరుగుతుంది. ముందు యాక్సిల్‌కి కూడా కమాన్ కట్టలే ఉన్న పాత బళ్లకైతే ముందువైపు బ్లాకు అసలు పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు పడే బలమంతా అక్కడే.

పొడుగు షాకిల్ పెడితే పెంచిన పొడవులో సగమే ఎత్తు వస్తుంది, పైగా పినియన్ కోణం (ప్రొపెల్లర్ షాఫ్టు డిఫరెన్షియల్‌కి కలిసే కోణం) మారుతుంది. కట్టకి ఒక పట్టీ కలపడం లారీ షెడ్లలో రోజూ చేసే పనే, బరువు మోసే బండికి ఓకే. ఖాళీగా తిరిగే బండికైతే వెనక సీటులో కూర్చున్నవాళ్లు మీతో మాట్లాడటం మానేస్తారు.

లేపాక 60, 70 వేగంలో వణుకు వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్య బేరింగ్ చూడండి. ఈ బండికి షాఫ్ట్ రెండు ముక్కలు. మధ్య బేరింగును చిన్న స్పేసర్లతో కిందికి దించితే చాలాసార్లు సరిపోతుంది. వీల్ బ్యాలెన్సింగ్ పదిసార్లు చేయించి డబ్బులు తగలేయకండి.

పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి నేను చూడాల్సినవి ఏమిటి?

మంచి ప్రశ్న. లిఫ్ట్ పాడయ్యేది చాలావరకు కిట్టు వల్ల కాదు, బిగింపు వల్ల.

పని మొదలుపెట్టకముందే నాలుగు చక్రాల దగ్గరా టేపు పెట్టి కొలవండి. నేలనుంచి కాదు, చక్రం మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా. నేలనుంచి కొలిస్తే టైరు గాలి, గచ్చు వాలు అన్నీ కలిసిపోతాయి. ఆ నాలుగు అంకెలు ఫోన్లో రాసుకోండి. అయ్యాక మళ్లీ కొలిస్తే నిజంగా ఎంత లేచిందో, ఏ పక్క ఒరిగిందో తేలిపోతుంది.

రెండోది బుష్‌లు. ముందు ఆర్మ్‌ల బోల్టులు, వెనక కట్టల షాకిల్ బోల్టులు, ఇవన్నీ రబ్బరు బుష్‌లలోంచి పోతాయి. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు వాటిని ఫుల్లుగా బిగిస్తే, బండి నేలమీదకు దిగగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది. సరైన పద్ధతి: గాల్లో ఉన్నప్పుడు వదులుగా పట్టించి, బండి దించి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు దొర్లించి, బంపరు మీద ఎక్కి ఊపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించడం. ఇంపాక్ట్ గన్‌తో గాల్లోనే "ట్ర్ర్ర్" మని బిగించేస్తుంటే ఆపండి. మెకానిక్‌కి కోపం వస్తే రానివ్వండి.

మూడోది యు బోల్టులు. పాతవి విప్పి మళ్లీ వాడకూడదు, ఒకసారి బిగిస్తే సాగిపోతాయి. కొత్తవి కూడా 500 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగించాలి. నాలుగోది, చక్రం పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్ అటూ ఇటూ చివరికంటా తిప్పి, బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు బిగుసుకుంటున్నాయేమో చూడండి. వెనక యాక్సిల్ బ్రీదర్ గొట్టం (లోపలి గాలి వచ్చిపోయే సన్న గొట్టం) కూడా.

లిఫ్ట్ చేశాక స్టీరింగ్ తేలిపోతోంది. ఎందుకు?

క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గింది. బండి లేచినప్పుడు ముందు ఆర్మ్‌ల కోణం మారి, చక్రం తనంతట తాను నిటారుగా వచ్చే గుణం తగ్గుతుంది. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసి పంపించే షాపుకి వెళ్లకండి. క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం), క్యాస్టర్, టో మూడూ అచ్చు కాగితం మీద ఇచ్చే చోట చేయించండి. కంపెనీ ఇచ్చిన క్యామ్ బోల్టుల్లో సర్దుబాటు అయిపోతే పై ఆర్మ్‌లు మార్చాల్సిందే. అలైన్‌మెంట్ అయ్యాక హెడ్‌లైట్లు కిందికి దించడం మరచిపోకండి, ఎదురొచ్చేవాళ్లు తిట్టుకుంటారు.

బ్రేకులకు ఏమైనా తేడా వస్తుందా?

పెద్ద, బరువైన టైరు ఆపడానికి ఎక్కువ దూరం పడుతుంది. వెనక డ్రమ్ములు శుభ్రం చేయించి సెట్ చేయించండి. ఏబీఎస్ లేని పాత పికప్‌లకు ఇంకో విషయం ఉంది: వెనక యాక్సిల్ నుంచి చాసిస్‌లోని వాల్వుకి ఒక సన్న కడ్డీ ఉంటుంది. వెనక ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకుకి ఎంత ఒత్తిడి పంపాలో నిర్ణయించేది అదే. లిఫ్ట్ చేస్తే ఆ కడ్డీ "బండి ఖాళీగా ఉంది" అని ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది, వెనక బ్రేకు పడదు. కడ్డీ బ్రాకెట్‌ని కూడా అదే కొలతలో లేపాలి.

గట్టి కట్టలు వేశాను, ఇంక ఎక్కువ బరువు వేయొచ్చా?

లేదు. బండి మోయగలిగే మొత్తం బరువు ఆర్సీలో ఉన్నదే. చాసిస్, యాక్సిల్, బేరింగులు, బ్రేకులు మారలేదు కదా.

స్టీలు బంపరు, బుల్ బార్ (బంపరు ముందు బిగించే ఇనుప చట్రం), వించి (తాడు చుట్టి బండిని లాగే మోటారు)?

బుల్ బార్ మీద 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు చెప్పింది. పాదచారికి తగిలితే ప్రాణం మీదకు వస్తుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే లెక్క కూడా తప్పవచ్చు. వద్దు.

వించి నిజంగా వాడేది ఒంటరిగా దూరం వెళ్లేవాళ్లు. స్టీలు తాడుతో 35-40 కిలోల బరువు బండి మూతికి చేరుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లేవాళ్లకు మంచి కైనెటిక్ (సాగే) తాడు, ఎంత బరువు ఆపుతాయో రాసి ఉన్న రెండు తాడు షాకిళ్లు (కట్ట షాకిల్ కాదు, తాడు తగిలించే యు ఆకారం కొక్కేలు), ఒక పార చాలు. తాడు తగిలించే చోటు మాత్రం చాసిస్‌కి బిగించిన రికవరీ పాయింటు అయి ఉండాలి. ట్రైలరు తగిలించే గుండ్రటి టో బాల్‌కి తాడు వేసి గుంజకండి. అది ఊడితే తూటాలా వస్తుంది, దానివల్ల మనుషులు చనిపోయారు.

స్నార్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి తెచ్చే గొట్టం) పెడితే వాగు దాటొచ్చా?

ఇంజిన్ నీళ్లు మింగకుండా చూస్తుంది, అంతే. డీజిల్ ఇంజిన్ లోపలికి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, కాబట్టి ఆ మేరకు మంచిదే. కానీ ప్రవాహం బండిని తోసేయడానికి స్నార్కెల్ ఏం చేస్తుంది? బురద రంగు నీళ్లు కల్వర్టు మీద పారుతున్నప్పుడు కింద రోడ్డు ఉందో లేదో కూడా తెలియదు. నీళ్లలో తిరిగొచ్చాక యాక్సిల్ ఆయిల్ చూడండి, పాల రంగుకు తిరిగితే నీళ్లు చేరినట్టు. బ్రీదర్ గొట్టాలు పైకి తీసి కట్టించడం స్నార్కెల్ కంటే చాలా చవక, దానికంటే ఎక్కువసార్లు పనికొస్తుంది.

డిఫ్ లాక్ (యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పేది) లేదుగా, లిఫ్ట్‌తో ఆ లోటు తీరుతుందా?

తీరదు. అడ్డదిడ్డం గుంతల్లో ఒక చక్రం గాల్లోకి లేస్తే అదే తిరుగుతూ ఉంటుంది. గట్టి కట్టలు వేస్తే ఇంకా తొందరగా లేస్తుంది. లిఫ్ట్ డబ్బులు, పెద్ద చక్రాల డబ్బులు కలిపి వెనక డిఫ్ లాకర్‌కి పెట్టుకుంటే ఆఫ్‌రోడ్‌లో ఎక్కువ ప్రయోజనం. ఎవరూ వినరు, ఎందుకంటే లాకర్ బయటకు కనబడదు.

4హెచ్ (మామూలు గేర్ల ఫోర్ బై ఫోర్) ఎప్పుడు వేయాలి?

మట్టి, ఇసుక, కంకర, జారే ఘాటు దారి. ఎండిన తారురోడ్డు మీద వద్దు. ఈ బండికి ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు, మలుపుల్లో ముందు వెనక షాఫ్టులు ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. 4ఎల్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్ బై ఫోర్) బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి వేయాలి. ముందు టైర్లు, వెనక టైర్లు వేర్వేరు సైజుల్లో, వేర్వేరు అరుగుదలలో ఉంటే ఫోర్ బై ఫోర్ వాడకండి.

టైరు గాలి ఎంత తగ్గించాలి?

గోదావరి ఇసుకలాంటి మెత్తటి ఇసుకలో 15-18 పీఎస్‌ఐ, బురదలో 20కి అటూ ఇటూ. నెమ్మదిగా, స్టీరింగ్ గట్టిగా తిప్పకుండా నడపాలి. బయటికొచ్చి తారెక్కేముందే మళ్లీ గాలి నింపాలి, అందుకే బ్యాటరీకి తగిలించే కంప్రెసర్ బండిలో ఉంచుకోండి. ఖర్చు లేని మార్పుల్లో ఇంతకంటే మంచిది లేదు. ఇరుక్కున్న బళ్లలో చాలావరకు గాలి తీయని బళ్లే.

ఈసీయూ రీమ్యాప్ (బలం పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించొచ్చా?

పాత క్లచ్, పాత టర్బో మీద వద్దు. సెక్షన్ 52 దీనికీ వర్తిస్తుంది.

ఆస్ట్రేలియాలో ఉన్నాం. ఇక్కడ డీ-మ్యాక్స్‌లు అందరూ లేపుతున్నారు, నిబంధన ఏమిటి?

అక్కడ చాలాచోట్ల సస్పెన్షన్‌తో 50 మి.మీ. దాకా ఇంజినీరు సర్టిఫికెట్ లేకుండా అనుమతిస్తారు. టైరు వల్ల వచ్చే ఎత్తు లెక్క, స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండి లెక్క రాష్ట్రాన్ని బట్టి మారతాయి, మీ రాష్ట్ర రవాణా శాఖ కాగితం చదువుకోండి. అక్కడి యూట్యూబ్ వీడియో చూసి ఇక్కడ అదే చేయించమని మా బావమరిది రోజూ ప్రాణం తీస్తున్నాడు. అక్కడి కాగితం ఇక్కడి ఆర్టీవో దగ్గర చెల్లదు.

ఇక్కడ ఎక్కడ తిప్పుకోవచ్చు?

సొంత భూమి, అనుమతి ఇచ్చిన రైతు భూమి, ఆఫ్‌రోడ్ క్లబ్బులు పెట్టే ట్రాకులు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా దూరడం నేరం. నల్లమలలో హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద పులుల అభయారణ్యం భాగంలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలే ఆపేస్తారు, అక్కడ "షార్ట్‌కట్" వెతకొద్దు.

అమ్మేటప్పుడు మార్పులకు ధర వస్తుందా?

రాదు. లేపిన బండిని చూస్తే కొనేవాడు "దీన్ని ఎక్కడెక్కడ తిప్పారో" అనుకుంటాడు. విప్పిన పాత కట్టలు, స్ప్రింగులు, టైర్లు, మెట్లు, చివరికి బోల్టులు కూడా గ్రీజు రాసి గోతాంలో కట్టి అటక మీద పెట్టుకోండి. ఫిట్‌నెస్‌కో, క్లెయిమ్‌కో, అమ్మకానికో అవి మళ్లీ కావాల్సి వస్తాయి. ఇప్పుడే పాతసామాను వాడికి తూకానికి వేసేస్తే, ఆ రోజున షోరూము ధరకి కొనుక్కోవాలి.